గీత మీద నిలవని నది

1968 డిసెంబర్ 13న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, మెక్సికో అధ్యక్షుడు గుస్తావో దియాస్ ఓర్దాస్ టెక్సస్ రాష్ట్రంలోని ఎల్ పాసో నగరం దగ్గర కలుసుకున్నారు. ఆ రోజు రియో గ్రాండే నదిని పాత దారి నుంచి తప్పించి, కొత్తగా కట్టిన కాంక్రీటు కాలువలోకి మళ్లించారు. ఎల్ పాసోకూ, ఎదుటి ఒడ్డున ఉన్న మెక్సికో నగరం హువారెజ్‌కూ మధ్య సుమారు ఏడు కిలోమీటర్ల పొడవున్న ఆ కాలువే అక్కడ రెండు దేశాల సరిహద్దు. అడుగూ కాంక్రీటే, గట్లూ కాంక్రీటే. నది మళ్లీ పక్కకు జరగకుండా చేసిన ఏర్పాటు అది. అంతకు వందేళ్ల క్రితం ఒకసారి జరిగినందుకు వచ్చిన తగువు తేలేసరికి మూడు తరాలు గడిచిపోయాయి.

కొలరాడో రాష్ట్రంలోని సాన్ హువాన్ పర్వతాల మంచు కరిగి పుట్టే రియో గ్రాండే న్యూ మెక్సికో మీదుగా దక్షిణానికి దిగి, ఎల్ పాసో దగ్గర ఆగ్నేయానికి తిరిగి, మెక్సికో సింధుశాఖలో కలుస్తుంది. పొడవు సుమారు 3 వేల కిలోమీటర్లు, అంటే గోదావరికి రెట్టింపు. అందులో చివరి 2 వేల కిలోమీటర్లు సరిహద్దు. ఎడమ ఒడ్డంతా టెక్సస్, కుడి ఒడ్డంతా మెక్సికో. మెక్సికో వాళ్లు దీన్ని రియో బ్రావో అంటారు.

పొడవు చూసి మహానది అనుకుంటే పొరపాటే. 1850లలో మిఫ్లిన్ కెనెడీ, రిచర్డ్ కింగ్ అనే వ్యాపారుల ఆవిరి పడవలు సముద్రం నుంచి పైకి, రోమా పట్టణం దాకా సరుకులు మోసేవి. ఇప్పుడు చాలాచోట్ల మనిషి నడిచి దాటేంత నీళ్లే ఉంటాయి. అలాగని నమ్మడానికీ లేదు. పైన ఆనకట్ట గేట్లు ఎత్తితే ప్రవాహం ఒక్కసారిగా జోరందుకుంటుంది. రాత్రిపూట దొంగచాటుగా దాటబోయి మునిగిపోయిన వలసదారులు ఎందరో.

ఈ నది సరిహద్దు అయింది అమెరికా-మెక్సికో యుద్ధం వల్ల. 1848లో గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం మీద సంతకాలు జరిగినప్పుడు, ఓడిన మెక్సికో తన భూభాగంలో సగం దాకా వదులుకుంది. టెక్సస్ వైపు సరిహద్దు నది మధ్యగా పోతుందని, ఒకటికి మించి పాయలున్న చోట అన్నిటికన్నా లోతైన పాయను పట్టుకుని పోతుందని రాసుకున్నారు. కాగితం మీద ఇంతకన్నా సులువైన పని లేదు. నేల మీదికి వచ్చేసరికి కథ మారింది. ఒండ్రు నేలలో పారే నది ఒక గట్టును కోస్తూ, రెండో గట్టున మేట వేస్తూ పోతుంది. పెద్ద వరద వస్తే మెలికను అడ్డంగా కోసి కొత్త దారి చేసుకుంటుంది.

మరి నది జరిగితే సరిహద్దు కూడా జరగాలా? 1856లో అమెరికా అటార్నీ జనరల్ కేలబ్ కుషింగ్ దీనికి జవాబిచ్చాడు. నది నెమ్మదిగా, కొద్దికొద్దిగా జరిగితే సరిహద్దు కూడా దాని వెంటే పోతుంది. ఒక్క ఉదుటున దారి మార్చుకుంటే మాత్రం సరిహద్దు పాత చోటే ఉంటుంది. 1884లో రెండు దేశాలూ ఈ సూత్రాన్నే ఒప్పందంగా రాసుకున్నాయి. న్యాయం తెలిసినవాళ్ల తీర్పే. కాకపోతే, నది ఏ రాత్రి ఎంత జరిగిందో గట్టున కూర్చుని కొలిచిన వాళ్లెవరూ లేరు.

ఆ లోటే చామిసాల్ తగువుకు మూలం. 1864 వరదలో నది ఎల్ పాసో దగ్గర దక్షిణానికి జరిగి, హువారెజ్ వైపు ఉన్న చామిసాల్ అనే సుమారు 600 ఎకరాలను అమెరికా గట్టుకు చేర్చింది. నెమ్మదిగా జరిగింది కాబట్టి భూమి మాదేనని అమెరికా, వరద దెబ్బకు జరిగింది కాబట్టి మాదేనని మెక్సికో వాదించాయి. 1911లో కెనడా న్యాయకోవిదుడు యూజీన్ లఫ్లూర్ అధ్యక్షతన కూర్చున్న మధ్యవర్తులు ఎక్కువ భాగం మెక్సికోకే చెందాలన్నారు. అమెరికా ఒప్పుకోలేదు. ఈలోగా ఆ నేల మీద ఎల్ పాసో పేటలు లేచాయి, దుకాణాలు వచ్చాయి, బడులు వచ్చాయి. చివరికి 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, మెక్సికో అధ్యక్షుడు లోపెస్ మతేయోస్ ప్రభుత్వాలు రాజీకి వచ్చాయి. లెక్కలన్నీ పోగా మెక్సికోకు నికరంగా 437 ఎకరాలు దక్కాయి. కాలువ ఖర్చు చెరిసగం. ఎల్ పాసో వైపు 5 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మెక్సికో మూలాలున్న అమెరికన్లే. నది జరిగిన నాటికి వాళ్లలో ఎవరూ పుట్టనే లేదు.

చామిసాల్‌కు పేరు వచ్చింది గానీ అలాంటివి చిన్నవి ఎన్నో. నది కోసి వదిలేసిన మెలికల భూముల్ని ఒడ్డును బట్టి మార్చుకోవడానికి 1905లో ప్రత్యేక ఒప్పందమే చేసుకున్నారు. 1930లలో ఎల్ పాసోకు దిగువన సుమారు 250 కిలోమీటర్ల మెలికల నదిని తిన్నగా తవ్వి 140 కిలోమీటర్లకు కుదించారు. సర్వేయరుకు సుఖమే. మెలికల్లో నీరు నిలిచి పెరిగే చెట్లకూ చేమకూ, చేపలకూ ఆ సుఖం దక్కలేదు.

అన్నిటిలోకి విచిత్రమైనది రియో రికో కథ. 1906లో టెక్సస్‌లోని ఒక సాగునీటి కంపెనీ తన పంపులకు నీళ్లు దక్కవేమోనని, అనుమతి లేకుండా నది మెలికను అడ్డంగా కోసింది. దాంతో 400 ఎకరాలకు పైగా టెక్సస్ నేల నదికి దక్షిణాన ఉండిపోయింది. మనిషి చేసిన కోత కాబట్టి సరిహద్దు మారలేదు. ఆ సంగతి జనం మర్చిపోయారు. అక్కడ రియో రికో అనే మెక్సికో ఊరు వెలిసింది. అమెరికాలో మద్య నిషేధం ఉన్న రోజుల్లో ఆ ఊరి సారా దుకాణాలు కిటకిటలాడాయి. 1960లలో పాత పటాలు తిరగేస్తే, ఊరు అమెరికా గడ్డ మీద ఉందని బయటపడింది. 1970 ఒప్పందం ప్రకారం ఆ నేలను మెక్సికోకు ఇచ్చేశారు. ఈలోగా అక్కడ పుట్టిన ఒకాయన తాను పుట్టుకతో అమెరికన్‌నని వాదించి గెలిచాడు. ఆయన దారిలోనే ఇంకా ఎంతోమంది మంత్రసానుల సాక్ష్యాలు, బాప్టిజం కాగితాలు వెతుక్కున్నారు.

ఇంతకీ సరిహద్దులో పారేది కొలరాడో మంచు నీరేనా? చాలావరకు కాదు. 1916లో న్యూ మెక్సికోలో ఎలిఫెంట్ బ్యూట్ ఆనకట్ట పూర్తయ్యాక పైనుంచి వచ్చే నీరు ఎల్ పాసో, హువారెజ్ పొలాలకే సరిపోతోంది. అక్కడి నుంచి 300 కిలోమీటర్లకు పైగా నది దాదాపు ఎండిపోయి, పిచ్చి సరుగుడును పోలిన టామరిస్క్ పొదల మధ్య దారే కనబడకుండా పోతుంది. ప్రెసిడియో, ఒహినాగా పట్టణాల దగ్గర మెక్సికో చివావా రాష్ట్రం నుంచి కాంచోస్ నది వచ్చి కలిశాకే మళ్లీ ప్రాణం వస్తుంది. పటంలో ఒకే నీలి గీత. నిజానికి అవి రెండు నదులు. పైది కొలరాడోది, కిందిది మెక్సికోది.

నీటి పంచాయితీ అంతా ఇక్కడే మొదలవుతుంది. 1944 ఒప్పందం ప్రకారం కాంచోస్‌తో కలిపి ఆరు ఉపనదుల నుంచి మెక్సికో అమెరికాకు ఏడాదికి సగటున, మన లెక్కలో చెప్పాలంటే, 15 టీఎంసీలకు పైగా ఇవ్వాలి. లెక్క చూసేది అయిదేళ్లకోసారి. బదులుగా కొలరాడో నది నుంచి అమెరికా ఏటా సుమారు 65 టీఎంసీలు మెక్సికోకు వదలాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణాలో 811 టీఎంసీల వాటా మీద జరిగిన రభస చూసిన తెలుగువాళ్లకు 15 టీఎంసీలు చిల్లర లెక్కలా తోచవచ్చు. బేరం కూడా మెక్సికోకే లాభం అనిపిస్తుంది. మెలిక ఏమిటంటే, కొలరాడో నీళ్లు అందేది పడమటి కొసన ఉన్న బాహా కాలిఫోర్నియాకు. ఇక్కడ నీళ్లు వదులుకోవాల్సింది ఎడారి రాష్ట్రమైన చివావా రైతులు. అనుభవించేది ఒకరు, బాకీ తీర్చేది మరొకరు. 2020 సెప్టెంబర్‌లో ఆ రైతులు కాంచోస్ మీది లా బోకియా ఆనకట్ట దగ్గర మెక్సికో నేషనల్ గార్డ్ దళాలతో తలపడి, వాళ్లను తరిమి డ్యామ్‌ను తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ ఘర్షణల్లో ఒక మహిళ కాల్పులకు బలైంది. అయిదేళ్ల గడువుకు రెండు మూడు రోజుల ముందు, ఉమ్మడి జలాశయాల్లో ఉన్న తన వాటాను అమెరికా పేర రాసిచ్చి మెక్సికో గండం గట్టెక్కింది.

ఆ ఉమ్మడి జలాశయాలు రెండు: 1950లలో వచ్చిన ఫాల్కన్, 1969లో పూర్తయిన అమిస్టాడ్. ఫాల్కన్ కింద 1750లో కట్టుకున్న గెరేరో పట్టణం మునిగిపోయింది. టెక్సస్ వైపు జపాటా కూడా మునిగితే జనం గట్టు మీదికి వెళ్లి అదే పేరుతో మరో ఊరు కట్టుకున్నారు. కరువు వచ్చి నీటిమట్టం తగ్గినప్పుడల్లా గెరేరో పాత చర్చి ఇసుకరాతి గోడలు బయటపడతాయి. నీళ్లు లేవని దిగువ రైతులు గోల పెట్టే ఏడే ఊరి పాతకాపులు వెళ్లి తమ వీధులు చూసుకోగలిగే ఏడు.

టెక్సస్‌లోని బిగ్ బెండ్ దగ్గర మాత్రం నది నిజంగా నదిలా ఉంటుంది. సాంతా ఎలీనా లోయలో రెండు వైపులా 450 మీటర్ల సున్నపురాతి గోడలు నిట్టనిలువుగా లేస్తాయి. ఎడమ గోడ ఒక దేశం, కుడి గోడ ఇంకో దేశం. 1978లో అమెరికా ఈ ప్రాంతంలో 196 మైళ్ల నదిని సంరక్షిత నదిగా ప్రకటించింది, కానీ ఆ చట్టం వర్తించేది అమెరికా వైపు సగానికే. కాస్త దిగువన బోకియాస్ అనే మెక్సికో పల్లె ఉంది. ఇక్కడ తెడ్డు పడవే సరిహద్దు వంతెన. రాగి తీగకు పూసలు గుచ్చి చేసిన తేళ్లు, చేతికర్రలు అమెరికా వైపు బండల మీద పేర్చి, పక్కన డబ్బుల కోసం ఒక డబ్బా పెట్టి పోతారు ఊరివాళ్లు. నచ్చినవాళ్లు డబ్బులు వేసి తీసుకుపోవాలి. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 2002లో ఈ రేవు మూసేశారు. పర్యాటకులే బతుకుతెరువైన ఊరు సగానికి సగం ఖాళీ అయింది. 2013లో మళ్లీ తెరిచారు.

ఇంకా దిగువన లాస్ ఎబానోస్‌లో బల్లకట్టు ఉంది. ఒడ్డున చెట్టుకు కట్టిన మోకును పనివాళ్లు చేతులతో లాగుతుంటే ఒక్కో విడతకు మూడు కార్లు, కొంతమంది మనుషులు అవతలి దేశం చేరతారు. 1950 నుంచి నడుస్తోంది. నది పొంగితే ఆ రోజుకు బందు.

అమెరికా కట్టిన సరిహద్దు గోడ మాటకొస్తే, నది ప్రవాహాన్ని పక్కకు తోసే కట్టడాలు వద్దని 1970 ఒప్పందంలోనే ఉంది. అందుకే దిగువ టెక్సస్‌లో చాలాచోట్ల గోడను వరద గట్టు మీద, నదికి దూరంగా కట్టారు. గోడకూ నదికీ మధ్య చిక్కిన పొలాల రైతులు సొంత చేలోకి గేటు దాటి వెళ్తున్నారు. 2023లో ఈగిల్ పాస్ దగ్గర టెక్సస్ ప్రభుత్వం నదిలో తేలే బంతుల వరుస వేస్తే, అదీ ఒప్పందానికి విరుద్ధమేనని మెక్సికో అభ్యంతరం చెప్పింది.

దిగువన పంపులు లాగినంత లాగాక నదిలో మిగిలేది తక్కువ. గుర్రపు డెక్క పరుచుకుని ప్రవాహం మందగిస్తుంది. 2001 ఫిబ్రవరిలో నది మొగ ఇసుకతో పూడిపోయి నీరు సముద్రాన్ని చేరలేకపోయింది. 2024 ఫిబ్రవరిలో, చెరకుకు నీళ్లు చాలక, టెక్సస్‌లో మిగిలిన ఒకే ఒక్క చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. సాంతా రోసాలో యాభై ఏళ్ల పాటు రైతుల సహకార సంఘం నడుపుకున్న ఫ్యాక్టరీ అది. మెక్సికో నీళ్లు రాకపోవడమే కారణమని రైతులన్నారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, మెక్సికో నీళ్లు వదలకపోతే సుంకాలు వేస్తానని హెచ్చరించారు. ఆ ఏడాది అక్టోబర్‌లో అయిదేళ్ల విడత ముగిసింది. మెక్సికో పూర్తిగా ఇవ్వలేకపోయింది. తీరని బాకీ తర్వాతి అయిదేళ్ల ఖాతాలోకి వెళ్లింది.