మాట సాయం అడిగే ముందు



ఇంటిపని ముగించుకుని, మధ్యాహ్నంపూట దొరికే ఆ రెండు మూడు గంటల్లో నాలుగు డబ్బులు సంపాదించుకుందామనే ఆలోచన ఇవాళ చాలామంది ఇల్లాళ్ళకు వస్తోంది. ఒకరు ఊరగాయలు పెడతారు, ఒకరు రవికెలు కుడతారు, మరొకరు పిల్లలకు లెక్కలు చెబుతారు. మనం వెనకబడేది పని రాక కాదు. మనకా పని వచ్చునన్న సంగతి నలుగురికీ తెలియక. అప్పుడు మనకు తట్టే మొట్టమొదటి ఉపాయం ఏమిటి? "ఫలానా ఆవిడ ఒక్కమాట చెబితే చాలు, సరుకంతా చెల్లిపోతుంది" అని. వెంటనే ఆవిడ ఇంటికి బయలుదేరతాం. అడగందే అమ్మైనా పెట్టదు గదా అని మనకు మనమే ధైర్యం చెప్పుకుంటాం.

సామెత నిజమే. కాని అందులో ఉన్నది అమ్మ. మనం ఎలాంటివాళ్ళమో అమ్మకు ముందే తెలుసు. అంతగా తెలియనివాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ సామెత ఒక్కటే చాలదు. ఈ సంగతి నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ఆ ఖరీదు కూడా ముందు చెల్లించింది నేను కాదు, మరొకరు.

మావారికి బదిలీ అయి కొత్త ఊరు వెళ్ళిన రోజులవి. మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. అందరం పిన్నిగారు అనేవాళ్ళం. ఆడపిల్లలకు ఉచితంగా కుట్టుపని నేర్పేవారు. వంటమనిషి కావాలన్నా, మంచి డాక్టరెవరో తెలియాలన్నా వీధి వీధంతా ఆవిడనే అడిగేది. శ్రావణమాసపు పేరంటానికి తప్ప నేను వాళ్ళ గడప తొక్కినదాన్ని కాను. ఆ వేసవిలో అమ్మకానికి ఆవకాయ పెట్టి, చిన్న సీసాతో వెళ్ళాను. "మీ మాటంటే అందరికీ గురి. మహిళా మండలిలో ఒక్కమాట చెప్పి పెట్టండి పిన్నిగారూ" అన్నాను. "నేనింకా రుచి చూడలేదు కదమ్మా, నాలుగు రోజులాగు" అన్నారావిడ. నేను ఆగితేనా? మావారి జీతం, పిల్లల ఫీజులు, అన్నీ ఏకరువు పెట్టాను. మొహమాటానికి సరేనన్నారు. ఆరిళ్ళవాళ్ళు కొన్నారు.

నెల తిరగకుండా ఆవకాయ బూజు పట్టింది. తొందరలో కాయలు కడిగి, తడి సరిగా తుడవకుండానే కొట్టించాను. తప్పు నాదే. కాని కొన్నవాళ్ళెవరూ నా దగ్గరకు రాలేదు. నేనెవరో వాళ్ళకు తెలిస్తే గదా! "మీరు చెప్పారనే తీసుకున్నామండీ" అంటూ పిన్నిగారి దగ్గరకే వెళ్ళారు. ఆవిడ నాకొక్క ముక్క చెప్పకుండా ఇద్దరికి తన డబ్బు ఇచ్చి పంపించారు. పదిహేను రోజుల తరవాత ఆ సంగతి పక్కింటావిడ చెబితే నా తల కొట్టేసినట్లయింది. ఆ డబ్బు తీసుకుని పరుగున వెళ్ళాను. పిన్నిగారు తీసుకుని, నెమ్మదిగా అన్నారు: "డబ్బుదేముందమ్మా! ఇకమీదట నేను దేన్ని బాగుందన్నా, 'మీరు తిని చూశారా' అని అడుగుతారు."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటిదాకా నేను, ఆవిడ ఒక్కమాట చెబితే ఆవిడ సొమ్మేం పోయిందనుకున్నాను. సొమ్మే పోయింది! పేరున్న మనిషి మాటకు విలువ ఊరికే రాదు. ఏళ్ళ తరబడి ఊరివాళ్ళు ఆవిడ దగ్గర దాచుకున్న నమ్మకం అది. మనం సిఫారసు అడగడమంటే అందులోంచి చేబదులు అడగడమే. చేబదులైనా ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఎవరిస్తారు చెప్పండి?

నమ్మకం ముందు, సాయం తరవాత అన్నది పెద్ద పెద్ద పనుల్లో కూడా కనిపిస్తుంది. మీరందరూ ఎరిగిన లిజ్జత్ అప్పడాల సంగతే చూడండి. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్ళు మేడమీద కూర్చుని అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. ఛగన్‌లాల్ పారేఖ్ అనే సంఘసేవకుని దగ్గర 80 రూపాయలు తీసుకున్నారు, విరాళంగా కాదు, అప్పుగా. మొదటిరోజు నాలుగు పొట్లాలు. అవి కూడా తెలిసిన వర్తకునికే ఇచ్చారు. నష్టమొచ్చినా సరే చందాలు పుచ్చుకోకూడదని తీర్మానించుకున్నారు. మొదట్లో చవకగా అమ్మడానికి రెండో రకం అప్పడాలు కూడా చేస్తుంటే, ఆ పెద్దాయన వద్దన్నారు. నాణ్యం తగ్గించకండి, లెక్కలు సరిగా రాయండి, అన్నదే ఆయన సలహా. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ గుర్తింపు దొరికింది 1966లో, అంటే ఏడేళ్ళ పని చూపించిన తరవాత. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. పెద్ద సాయం ముందు, పని తరవాత అని వాళ్ళు కూర్చుని ఉంటే, ఆ నాలుగు పొట్లాలు కూడా తయారయ్యేవి కావేమో.

మన పొదుపు సంఘాలదీ ఇదే దారి. 1992లో నాబార్డు 500 సంఘాలతో, బ్యాంకులచేత అప్పులిప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. పొలం, నగ ఏదీ తాకట్టు పెట్టలేని ఆడవాళ్ళకు బ్యాంకువాళ్ళు దేన్ని చూసి అప్పిస్తారు? సంఘం క్రమం తప్పకుండా కలుస్తోందా, పొదుపు కడుతోందా, అందులోంచి తమలో తాము అప్పు ఇచ్చుకుని తిరిగి కట్టుకుంటున్నారా, పుస్తకాలు రాస్తున్నారా, ఇవి చూస్తారు. కనీసం ఆరునెలలు అలా నడిచాకనే బ్యాంకు అప్పు మాట. ఆ ఆరునెలల పుస్తకమే వాళ్ళ తాకట్టు.

మరి మన సంగతికి వద్దాం. మనకు పుస్తకం ఎవరు రాస్తారు? ఎదుటివాళ్ళ మనసే రాస్తుంది. కనుక అడగబోయే ముందు కొన్ని ప్రశ్నలు మనమే వేసుకోవాలి. ఆవిడ చేసే పనేమిటో నాకు తెలుసా? ఆ పనిలో ఎప్పుడైనా ఒక చెయ్యి వేశానా? ఆవిడ చెప్పిన సలహా పాటించి, ఫలితం ఎలా ఉందో తిరిగి వెళ్ళి చెప్పానా? ఈ రోజుల్లో ఫోనుల్లో వంటలు చూపించే ఆడవాళ్ళను వేలమంది చూస్తున్నారు. "నేను మీ అభిమానిని, నా పొడుల గురించి కాస్త చెప్పండి" అని వాళ్ళకు రాయడం తేలికే. అలాంటి ఉత్తరాలు ఎన్ని వస్తుంటాయో! "మీరు చెప్పిన కొలతతో గోంగూర చేశాను, మా గోంగూర పులుపెక్కువ కనుక ఉప్పు కాస్త పెంచాల్సి వచ్చింది" అని రాసేవాళ్ళు ఎందరుంటారు? నిజంగా చేసి చూసినదాని మాట రాయని పొగడ్తకంటే ఎక్కువ గుర్తుంటుంది.

ఇక అడిగేటప్పుడు, చిన్న సాయమే అడగండి. "అందరికీ చెప్పండి" అనేకంటే "వాడి చూసి, లోపం ఉంటే నాతో చెప్పండి" అనడం నయం. అందులో ఆవిడ పేరుకు ముప్పు లేదు, మన సరుకు బాగుపడే వీలుంది. సరుకులో ఉన్న ఇబ్బంది ముందే చెప్పండి: కారం ఎక్కువనో, పది రోజులే నిలవుంటుందనో. కాదనడానికి వాళ్ళకు చోటివ్వండి. పదిమందిలో అడిగి ఇరకాటంలో పెట్టకండి. కష్టాలు చెప్పుకుని, నేను చేసినట్లుగా, మొహమాటపెట్టకండి. జాలితో ఇచ్చిన మాటకు బలం ఉండదు. సాయం అందాక వెళ్ళి ఏమైందో చెప్పి రండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్లుంటే రెండోసారి రేవుకు వెళ్ళే మొహం మిగలదు.

"ఇదంతా లెక్క కట్టి మంచిగా ఉండడం కాదుటండీ?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. ఈ సాయం ఎన్నటికీ దొరకదని తెలిసినా, నేనీ పని చేస్తానా? చేస్తానంటే అది స్నేహం. చేయనంటే అది ఎర, ఎరను పసిగట్టడం పేరున్నవాళ్ళకు బాగా తెలుసు. అలాగని ఏళ్ళ తరబడి ఎవరి వాకిట్లోనో చేతులు కట్టుకుని నిలబడమని నేననడం లేదు. వాళ్ళు కాదంటే మన పని ఆగిపోకూడదు. నలుగురు కొన్నవాళ్ళు తృప్తిగా మళ్ళీ వస్తే, అదీ సిఫారసే.

ఆ తరవాత నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. మిగిలిన నాలుగిళ్ళకూ వెళ్ళి, తప్పు ఒప్పుకుని డబ్బు తిరిగి ఇచ్చాను. పిన్నిగారి కుట్టు తరగతిలో కాజాలు కుట్టడం చూపించేవాళ్ళు లేరని తెలిసి, వారానికి ఒకరోజు వెళ్ళడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే మొదట్లో సిగ్గుతో వెళ్ళాను. పోనుపోను ఆ పిల్లల కోసం వెళ్ళాను. ఆవకాయ మాట నేనెత్తలేదు. మరుసటి వేసవిలో ఆవిడే, "ఈసారి ముక్క తుడిచి పెడుతున్నావా? నాకో అరకిలో ఇయ్యి. డబ్బు తీసుకోవాలి సుమా" అన్నారు. మూడు నెలలు ఆ జాడీ వాళ్ళింట్లోనే ఉంది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. దసరాలకు ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "పిన్నిగారింట్లో తిన్నానండీ, మీరే పెట్టారట" అంది.

పిన్నిగారు నాకిచ్చిన సిఫారసు అదే. ఆ జాడీని తన ఇంటి భోజనాల దగ్గర పెట్టారు, అంతే. ఇవాళ మీలో ఎవరైనా ఎవరి తలుపైనా తట్టబోతుంటే, ఒక్కక్షణం ఆగి, ఆ తలుపు వెనక ఉన్నావిడకు మీరెవరో తెలుసా అని ఆలోచించండి. తెలియకపోతే, ముందు తెలిసేలా చేసుకోండి. అడగడానికి రేపు కూడా ఉంటుంది.

సెలవు.