గరాచర్మలో కుక్కలను పెంచువారి కర్తవ్యము

దక్షిణ అండమాన్ దీవిలో, 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్ట్‌బ్లెయర్ పట్టణమునకు అనతిదూరమున, గరాచర్మ యను ఊరు కలదు. సముద్రతీరము దీనికి సమీపముననే యున్నది. బంగాళము, తమిళనాడు, కేరళము, ఆంధ్రదేశము మొదలగు ప్రాంతములనుండి వచ్చి స్థిరపడినవారి సంతతి ఈ దీవులలో కలసి మెలసి జీవించుచున్నది. 2011 జనగణనము ప్రకారము దీవుల జనములో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వీరిలో పలువురి పూర్వులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములవారు. పెండ్లిండ్లకును పండుగలకును ఓడమీదనో విమానముమీదనో స్వగ్రామములకు పోయివచ్చుట వీరికి పరిపాటి.

ఇట్టి ఊళ్ళలో ఇంటి వాకిటను, బజారులోను, సముద్రపుటొడ్డునను కనబడు జంతువు కుక్క. అండమాన్ ఆదివాసులకు పూర్వము కుక్క యన్న నేమో తెలియదు. 1858లో పోర్ట్‌బ్లెయరున ఖైదీల వలస నేర్పరచిన తరువాతనే అది ఆ దీవికి వచ్చినది. అనగా మనుష్యుడు తెచ్చిన జంతువే గాని తనంతట వచ్చినది కాదు. కావున దాని మంచిచెడ్డలకు మనుష్యుడే బాధ్యుడు.

దీవికి లభించిన భాగ్యము

భారతదేశమంతటను పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబీస్, వ్యాపించియున్నది. అండమాన్ నికోబార్ దీవులును లక్షదీవులును మాత్రము దీనికి మినహాయింపులని ఆరోగ్యశాఖ మార్గదర్శక గ్రంథములు పేర్కొనుచున్నవి. ఇది సామాన్యమైన భాగ్యము కాదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధివలన మరణించుచున్నారని అంచనా. వీరిలో నూటికి 99 మందికి వ్యాధి కుక్కకాటు వలననే సంక్రమించుచున్నది.

ఈ వ్యాధికి కారణము కంటికి కానరాని వైరస్. ఇది వ్యాధిగ్రస్తమైన జంతువుయొక్క లాలాజలమునందుండును. కాటువలన గాని, గాయముపై నాకుటవలన గాని శరీరమున ప్రవేశించి, నరముల వెంట మెల్లగా మెదడునకు ప్రాకును. అది మెదడును చేరి లక్షణములు కనబడిన పిమ్మట రోగి బ్రదుకుట దాదాపు అసంభవము. నీటిని చూచినంతనే గొంతు బిగిసి భయపడుట చేత దీనికి జలభీతి యను పేరు కలిగినది. అయినను ఇంత భయంకరమైన ఈ వ్యాధిని, కాటు తగిలిన వెంటనే తగిన చికిత్స చేయించుకొన్నచో, పూర్తిగా నివారింపవచ్చును. 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు కుక్క కరచిన ఒక బాలునికి టీకా వేసి ఈ మార్గమును తెరచెను.

సముద్రమే చాలునా?

ఇంతకాలము దీవికి సముద్రమే ప్రాకారముగా నున్నది. కాని ఆ ప్రాకారమునకు ద్వారములు పెక్కు. విశాఖపట్టణము, చెన్నై, కలకత్తాల నుండి ఓడ కొలదిదినములలో వచ్చును. విమానము కొలది గంటలలో వచ్చును. రేబీస్ సోకిన కుక్కలో లక్షణములు బయటపడుటకు మాత్రము సాధారణముగా కొన్ని వారములో, కొన్ని నెలలో పట్టును. కావున ఓడనెక్కునాడు చలాకీగా తోక నూపిన కుక్కపిల్ల, దీవిలో దిగిన రెండు మాసములకు వ్యాధి నొందవచ్చును. చూచి చెప్పుట యెవరికిని సాధ్యము కాదు.

ఇది ఊహ కాదు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి రేబీస్ నెరుగనిది. 1997లో వేరొక దీవినుండి పడవలో తెచ్చిన కుక్కలవలన వ్యాధి అచ్చట ప్రవేశించినది. అధికారులు వేలకొలది కుక్కలను చంపించినను వ్యాధి నశింపలేదు. ఆ దేశముననే బాలి దీవి 2008వరకు వ్యాధిరహితముగా నుండెను. ఆ సంవత్సరము, సముద్రతీర విహారమునకు విదేశీయులు విరివిగా వచ్చు దక్షిణ భాగమున వ్యాధి బయటపడినది. పైకి ఆరోగ్యముగా తోచిన కుక్క నెవరో పడవలో తెచ్చియుందురని పరిశోధకుల అభిప్రాయము. 2010 ముగియులోపల బాలిలో నూరుమందికి పైగా మరణించిరి. అచ్చటను మొదట కుక్కలను చంపుటయే ఉపాయమని తలచిరి. తుదకు దీవియంతటను కుక్కలకు టీకాలు వేసిన పిమ్మటనే మరణములు తగ్గినవి.

ఇట్టి ఆపద కలుగుటకు దురుద్దేశ మక్కరలేదు, తెలియకపోవుటయే చాలును. గరాచర్మలో కుక్కలను పెంచు ప్రతి గృహస్థుడును గుర్తింపవలసిన విషయ మిదియే.

ఒకరు చేసిన చాలదు

ఒక యింటివారు తమ కుక్కకు శ్రద్ధతో టీకా వేయించిరనుకొందము. ప్రక్క యింటి కుక్కకును, వీధిలోని నాలుగు కుక్కలకును టీకా లేనిచో ఊరికి రక్షణ చాలదు. ఒక ప్రాంతమునందలి కుక్కలలో నూటికి 70కి తక్కువ కాకుండ టీకాలు వేసినచో, వ్యాధి ఒకదానినుండి మరియొకదానికి ప్రాకు గొలుసు తెగిపోవునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. వ్యాధిగ్రస్తమైన కుక్క ఎదుర్కొను కుక్కలలో పెక్కింటికి రక్షణ యున్నచో వ్యాధికి ముందునకు పోవుటకు దారి యుండదు. ఈ 70 అను లెక్క ఒక్క యింటివలన నెరవేరునది కాదు. అందుచేతనే కుక్కలను పెంచువారు ఒక సంఘముగా కూడుట అవసరము. పది యిండ్లవారు కూడినను ఆరంభమునకు చాలును. ఇట్టి సంఘము చేయదగిన పనులు ఐదు.

మొదటిది లెక్క వ్రాయుట. వీధివీధికిని ఎన్ని పెంపుడు కుక్కలు, ఎన్ని ఊరకుక్కలు గలవో, వేనికి ఏ తేదీన టీకా వేసిరో ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. పెంపుడు కుక్క మెడపట్టెకు యజమాని చిరునామా గల బిళ్ళ కట్టవలెను. ఊరిలో పలు భాషలవారుండుటచేత ప్రకటనలను హిందీ, బెంగాలీ, తమిళము, తెలుగు మొదలగు భాషలలో వ్రాయించుట మేలు.

రెండవది టీకా. కుక్కపిల్లకు మూడవ మాసమున రేబీస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన తేదీకి మరల వేయించి, ఆపైన ఏటేట వేయించవలెను. “మన దీవిలో ఆ వ్యాధి లేదు గదా, టీకా యెందులకు?” అని కొంద రడుగుదురు. దొంగ రాకముందే తలుపునకు గడియ వేయుదురు గాని, వచ్చిపోయిన తరువాత కాదు.

మూడవది క్రొత్తగా వచ్చు కుక్కలను గూర్చిన జాగ్రత్త. ముఖ్యభూమినుండి కుక్కను తెచ్చుట మానుకొనుటయే ఉత్తమము. దీవిలో పుట్టిన పిల్లలే కావలసినన్ని గలవు. తప్పనిసరియైనచో టీకా వేయించి, కనీసము ఒక మాసము గడచిన తరువాతనే, పశువైద్యుని పత్రముతో తీసికొనిరావలెను. వచ్చిన సంగతి ప్రభుత్వ పశువైద్యశాలకు తెలిపి, ఆరు మాసములు ఇంటి ఆవరణము దాటనీయక గమనింపవలెను. టీకాకు ముందే వ్యాధి సోకియున్నచో టీకా దానిని ఆపకపోవచ్చును గావున ఈ గమనిక అవసరము. సంచిలోనో బుట్టలోనో దాచి తెచ్చుట దీవి కంతటికిని చేయు అపకారము.

నాలుగవది సంతాన నియంత్రణము. వద్దనుకొన్న పిల్లలను తీరమున విడిచిపోవుటవలననే దిక్కులేని కుక్కలు పెరుగుచున్నవి. పెంపుడు కుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించుట ఈ సమస్యను మొదటనే త్రుంచివేయును. 2023లో భారత ప్రభుత్వము వెలువరించిన జంతు జనన నియంత్రణ నియమములు ఊరకుక్కలకును ఈ చికిత్సయు, టీకాయు చేయించు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచినవి. సంఘము వారికి తోడ్పడినచో కుక్కలను పట్టుట సులభమగును. ఏలయన అన్నము పెట్టు చేతిని కుక్క యెరుగును.

ఐదవది తిండియు పారిశుధ్యమును. ఊరకుక్కలకు తిండి పెట్టువారు పిల్లలు ఆడుకొను చోట్లకును, ఇండ్ల ద్వారములకును దూరముగా నిర్ణీతస్థలమున, నిర్ణీతకాలమున పెట్టవలెనని పై నియమముల ఆశయము. చేపల వ్యర్థములను, ఎంగిలి విస్తళ్ళను తీరమున పారవేసిన కుక్కలు గుంపులు గూడును. కొట్లాటలును కాట్లును పెరుగును. ఆ గుంపులే రాత్రివేళ ఇసుకను త్రవ్వి తాబేళ్ళ గ్రుడ్లను తినుచున్నవి.

ఇట్టి కృషి ఫలించునా యని సందేహింప నక్కరలేదు. సముద్రతీరపు ఊళ్ళు పెక్కు గల గోవా రాష్ట్రమున ప్రభుత్వమును, స్వచ్ఛంద సేవకులును కలసి 2014 మొదలు ఇంటింట, వీధివీధిని కుక్కలకు టీకాలు వేసి, బడులలో పిల్లలకు బోధించిరి. 2018 మొదలు కొన్ని సంవత్సరములపాటు అచ్చట రేబీస్ మానవమరణము నమోదు కాలేదు. వ్యాధి యున్నచోటనే ఇంత సాధ్యమైనప్పుడు, వ్యాధి లేనిచోట దానిని రానీయకుండుట మరింత సులభము.

ఇసుకలోని పురుగు, నీటిలోని జ్వరము

రేబీస్ లేనంతమాత్రమున కుక్కవలన వేరు వ్యాధులు రావని తలపరాదు. కుక్క ప్రేగులలో నుండు కొంకిపురుగు గ్రుడ్లు మలముతో ఇసుకలో పడి, తడికిని వెచ్చదనమునకును పొదిగి సన్నని పురుగులగును. అవి వట్టికాళ్ళతో నడచువారి, ఇసుకలో కూర్చుండు పిల్లల చర్మములో దూరి, దురదతో కూడిన ఎఱ్ఱని వంకరగీతలను కలిగించును. కుక్కకు క్రమముగా పురుగుల మందు త్రాగించుట, తీరమున అది విసర్జించిన మలమును యజమాని వెంటనే ఎత్తివేయుట, చెప్పులు తొడుగుట దీనికి నివారణోపాయములు.

ఎలుక జ్వరము, అనగా లెప్టోస్పైరోసిస్, అండమానులో చిరకాలమునుండి యున్నది. టేలర్, గోయల్ అను వైద్యులు దీనిని గూర్చి 1931లోనే ఒక గ్రంథము ప్రకటించిరి. ఎలుకల, పశువుల, కుక్కల మూత్రముతో కలుషితమైన నీరును బురదయు దీనికి మూలములు. వానకాలమున కాలిగాయములతో బురదలో దిగినవారికి తీవ్రజ్వరము, కండరముల నొప్పులు, కన్నుల ఎఱ్ఱదనము కలిగినచో ఆలసింపక వైద్యుని చూడవలెను. కుక్క తినగా మిగిలిన అన్నమును రాత్రి బయట నుంచిన ఎలుకలు చేరును.

కుక్క కరచినప్పుడు

కుక్క కరచినను, గీరినను ఆ గాయమును సబ్బుతోను ధారగా పారు నీటితోను పదునైదు నిమిషములపాటు కడుగవలెను. ఇది ఎవరింటనైనను చేయదగిన మొదటి చికిత్స. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి అద్దరాదు. మంత్రములను, నాటుమందులను నమ్మి కాలహరణము చేయరాదు. కడిగిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. కరచిన కుక్క దీవిదా, బయటనుండి వచ్చినదా, దానికి టీకా యున్నదా యను సంగతులను వైద్యునకు చెప్పవలెను. టీకా అవసరమో కాదో ఆయనయే నిర్ణయించును. సంఘపు పుస్తకము ఇచ్చట ఎంతయో ఉపకరించును. కరచిన కుక్కను చంపక, కట్టి పదిదినములు గమనింపవలెను.

స్వగ్రామమునకు పోయినప్పుడు ముఖ్యభూమిలో కుక్క కరచినచో, “ఊరు చేరిన పిమ్మట చూచుకొందము” అని ప్రయాణము చేయరాదు. వెంటనే అచ్చటి ప్రభుత్వాసుపత్రిలో టీకా ఆరంభించి, మిగిలిన మోతాదులను దీవికి వచ్చి పూర్తిచేయవలెను. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడిచెడివారు. ఆ పద్ధతి నేడు లేదు. ఇప్పుడు మొదటి సూది దినమును సున్నగా లెక్కించి, చర్మములో వేయు టీకాను 0, 3, 7, 28 దినములందును, కండలో వేయు టీకాను 0, 3, 7, 14, 28 దినములందును భుజమున ఇత్తురు. పసిబిడ్డలకు తొడయందు ఇత్తురు. చర్మము చీలి రక్తము వచ్చిన గాయమైనచో రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అను రక్షణద్రవమును గాయము చుట్టును కూడ వేయుదురు. గర్భిణులకును, బాలింతలకును, పసిబిడ్డలకును ఈ టీకా హానికరము కాదు. నడుమ మానుట మాత్రము ప్రమాదము.

గరాచర్మలోని పిల్లలు కుక్కపిల్లను ఎత్తుకొని తీరమున పరుగెత్తుచున్నప్పుడు దేశమందలి యితర ప్రాంతములవారి కున్న భయము వారికి లేదు. ఆ నిర్భయత్వమును పెద్దలు సంపాదించినది కాదు, సముద్ర మిచ్చినది. దానిని నిలుపుకొనుట మాత్రము పెద్దల చేతిలోనే యున్నది. ఒక లెక్కపుస్తకము, ఏటేట ఒక టీకా, ఓడరేవున ఒక్క నిమిషపు ఆలోచన – ఇంతకంటె అధికమైన వ్యయ మిందుకు లేదు.