పది కంప్యూటర్లు కలిపితే పది రెట్ల వేగమా?

సాయంత్రం అయిదు దాటితే చాలా కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్లన్నీ ఖాళీ. అక్కడే గణాంకశాస్త్రం చదివే పరిశోధక విద్యార్థి మాత్రం ఒక్క ల్యాప్‌టాప్ మీద సిమ్యులేషన్ పెట్టి, అది ఎప్పుడు తేలుతుందా అని రోజుల తరబడి కాచుక్కూర్చుంటాడు. ఆ యంత్రాలను నెట్‌వర్క్‌లో కలిపి పని పంచే సరంజామా ఆర్ భాషతో పాటే ఉచితంగా వస్తుంది. 2011లో వచ్చిన 2.14.0 వెర్షన్ నుంచి ‘ప్యారలల్’ ప్యాకేజీ అందులో భాగం. పని పంచే మాస్టర్ ప్రాసెస్ ఒకటి, వేర్వేరు యంత్రాల మీద ఆ పని చేసే వర్కర్ ప్రాసెస్‌లు కొన్ని: ఏర్పాటు ఇంతే. మొదలుపెట్టినవాళ్లను మధ్యలో ఆపేసే అపోహలు మాత్రం చాలా ఉన్నాయి.

అపోహ: దీనికి సూపర్‌కంప్యూటర్ ఉండాలి.

అక్కర్లేదు. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ తదితరులు కట్టిన తొలి ‘బియోవుల్ఫ్’ క్లస్టర్‌లో ఉన్నవి 486 తరం ప్రాసెసర్లు, 16 యంత్రాలు, మామూలు ఈథర్‌నెట్. మీ ల్యాబులోని పాత పీసీ కూడా వాటికంటే ఎన్నో రెట్లు మెరుగు.

అపోహ: యంత్రాలు ఎన్ని పెంచితే వేగం అన్ని రెట్లు.

1967లోనే జీన్ ఆమ్‌డాల్ దీనికి హద్దు చూపించాడు. మీ ప్రోగ్రాంలో పంచడానికి వీల్లేని భాగం 5 శాతం ఉందనుకోండి. 16 వర్కర్లతో వచ్చేది సుమారు 9 రెట్ల వేగం, 100 వర్కర్లతో 17 రెట్లు. వెయ్యి పెట్టినా 20 దాటదు.

ఈ లెక్కలో డేటా ప్రయాణానికి పట్టే సమయం లేదు. ఆచరణలో దెబ్బ కొట్టేది అదే. గిగాబిట్ కేబుల్ సెకనుకు మహా అయితే 125 మెగాబైట్లు మోస్తుంది. 8 గిగాబైట్ల డేటా ఒక వర్కర్‌కు చేరాలంటే నిమిషం పైనే. పది మందికి విడివిడిగా పంపితే అదే తీగ మీద పది నిమిషాలు దాటుతుంది. ఒకే యంత్రం మీద నలుగురు వర్కర్లున్నా ఎవరి కాపీ వారికి వెళ్లాల్సిందే. నాట్లకు ముప్పైమందిని పిలిచి, నారు కట్టలు అందించడానికి ఒక్క మనిషిని పెడితే గట్టున నిలబడేవాళ్లే ఎక్కువవుతారు కదా! అందుకే డేటా ఫైలును ముందుగానే ప్రతి యంత్రం డిస్కులో పెట్టండి. మాస్టర్ నుంచి వెళ్లేది ఫైలు పేరు, పని నంబరు మాత్రమే అయి ఉండాలి. వెనక్కి వచ్చేది తేల్చిన సంఖ్యలు మాత్రమే అయి ఉండాలి. మిల్లీసెకనులో ముగిసే ముక్కలుగా పనిని తరగొద్దు. ఒక్కో ముక్క కనీసం కొన్ని సెకన్లు పట్టేలా చూసుకోండి.

అపోహ: నా సెషన్‌లో ఉన్నదంతా వర్కర్‌కు తెలుసు.

వర్కర్ అంటే అప్పుడే తెరిచిన కొత్త ఆర్ సెషన్. మీ వేరియబుళ్లు, ఫంక్షన్లు, లోడ్ చేసిన ప్యాకేజీలు ఏవీ అందులో ఉండవు. లినక్స్‌లో ఒకే యంత్రం మీద ఫోర్క్ పద్ధతి అలవాటైనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. అక్కడ మాస్టర్ మెమరీ బిడ్డ ప్రాసెస్‌కు సంక్రమిస్తుంది, నెట్‌వర్క్ దాటితే అది కుదరదు. కావలసిన వేరియబుళ్లను ‘క్లస్టర్ ఎక్స్‌పోర్ట్’తో పంపాలి, ప్యాకేజీలను ప్రతి వర్కర్‌లోనూ లోడ్ చేయించాలి. ఫైళ్ల దారులు కూడా ఆ యంత్రంలో చెల్లేవై ఉండాలి.

అపోహ: ఎస్‌ఎస్‌హెచ్ పనిచేస్తోంది కాబట్టి అంతా పనిచేస్తుంది.

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. దూరపు యంత్రంలోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ ఇక్కడ చేసేది వర్కర్‌ను నిద్రలేపడం వరకే. లేచిన వర్కర్ తిరిగి మాస్టర్‌కు ఫోన్ చేయాలి. అందుకోసం మాస్టర్ 11000 నుంచి 11999 లోపు ఏదో ఒక పోర్ట్ తెరిచి ఎదురుచూస్తుంది. అంటే ఫైర్‌వాల్ సడలించాల్సింది మాస్టర్ నడిచే మీ ల్యాప్‌టాప్‌లో! పైగా వర్కర్‌కు మాస్టర్ ఇచ్చే చిరునామా తన సొంత పేరు. ఆ పేరు ఎవరిదో ల్యాబ్ యంత్రాలకు తెలియకపోతే సంబంధం కుదరదు. స్క్రీన్ మీద వెంటనే ఎర్రర్ కూడా రాదు, ఊరికే ఆగిపోయినట్టు ఉంటుంది. మాస్టర్ ఐపీ అడ్రసును మీరే ఇచ్చి, పోర్ట్‌ను ఒక నంబరుకు ఖాయం చేసి, ఆ ఒక్కదాన్నే ఫైర్‌వాల్‌లో తెరవండి. జూలియా అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ఇది తలకిందులు: వర్కర్ పోర్ట్ తెరుస్తుంది, మాస్టర్ వెళ్లి కలుస్తుంది. ఒక భాషలో నేర్చిన చిట్కా ఇంకోదాంట్లో చెల్లకపోవడానికి కారణం అదే.

అపోహ: పాస్‌వర్డ్ అడగని లాగిన్ ప్రమాదం.

వర్కర్లను లేపే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లో పాస్‌వర్డ్‌కు బదులు తాళంచెవి ఫైళ్ల జత వాడుతున్నారు, అంతే. ప్రైవేట్ ఫైలు మీ దగ్గర భద్రంగా ఉంటే అది పాస్‌వర్డ్ కంటే గట్టిది. భయపడాల్సిన చోటు వేరే ఉంది. వర్కర్, మాస్టర్ కలిశాక వాటి మధ్య నడిచే సంభాషణకు ఎన్‌క్రిప్షన్ ఉండదు. కనుక ఈ ఏర్పాటు నమ్మకమైన లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం కావాలి.

అపోహ: ఎన్ని కోర్లు కనిపిస్తే అంతమంది వర్కర్లు.

ఆపరేటింగ్ సిస్టమ్ చూపించే సంఖ్యలో తరచూ సగమే నిజమైన కోర్లు. మ్యాట్రిక్స్ లెక్కలు చేసే లైబ్రరీ తనంతట తానే 8 థ్రెడ్లు తెరిచేదైతే, 8 మంది వర్కర్లతో 64 థ్రెడ్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వర్కర్‌కు ఒక థ్రెడ్ అని ముందే కట్టడి చేయండి. మెమరీ కూడా లెక్కవేయండి: వర్కర్‌కు 3 గిగాబైట్లు కావాలంటే 16 గిగాబైట్ల యంత్రంలో సుఖంగా పట్టేది నలుగురే.

అపోహ: సెట్ సీడ్ ఒక్కసారి ఇస్తే చాలు.

మిగతా పొరపాట్లు పనిని ఆలస్యం చేస్తాయి, ఇది ఫలితాన్నే తప్పు చేస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యల వరుసకు మొదలుగా మాస్టర్‌లో ఇచ్చిన సీడ్ వర్కర్లకు చేరదు. అందరికీ ఒకే సీడ్ ఇస్తే ఇంకా ఘోరం. అందరూ ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుస తీస్తారు, పది మంది వర్కర్లుంటే పదివేల ప్రయోగాలు చేశామనుకున్నవి నిజానికి వెయ్యే అవుతాయి. థీసిస్‌లో కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ముచ్చటగా ఇరుకైపోతుంది, పరీక్షకుడికీ అనుమానం రాదు. దీనికి మందు ప్యాకేజీలోనే ఉంది: ‘క్లస్టర్ సెట్ ఆర్‌ఎన్‌జీ స్ట్రీమ్’ ఒక్కో వర్కర్‌కు విడి ధార ఇస్తుంది. అయితే ఖాళీ అయిన వర్కర్‌కు తర్వాతి పని అందించే పద్ధతి వాడితే ఏ పని ఎవరికి పడుతుందో ప్రతిసారీ మారుతుంది, ఫలితం మళ్లీ అచ్చంగా రాదు. అచ్చంగా కావాలంటే సీడ్‌ను వర్కర్‌కు కాక పనికి ముడిపెట్టండి.

అపోహ: ఒక యంత్రం ఆగినా మిగతావి చూసుకుంటాయి.

ఈ ప్యాకేజీలో చూసుకోవు. ఒక వర్కర్ కూలితే మొత్తం ఎర్రర్‌తో ఆగుతుంది, మిగతావారు చేసినవీ చేతికి రావు. కరెంటు పోయి యంత్రం చప్పుడు లేకుండా ఆరిపోతే మాస్టర్‌కు ఆ కబురు కూడా అందకపోవచ్చు. సమాధానం కోసం అది ఎదురుచూసే గడువు, మీరు మార్చకపోతే, 30 రోజులు. ఆ గడువును ముందే కొన్ని గంటలకు తగ్గించండి. ప్రతి పని ఫలితాన్నీ పూర్తవగానే డిస్కులో విడి ఫైలుగా రాయించండి. మళ్లీ నడిపినప్పుడు ఫైలు ఉన్న పనులను వదిలేసి, లేనివే పంచేలా ప్రోగ్రాం రాయండి.