ఒక్క ‘నైస్’... ఎన్ని వేషాలో!

సినిమా ఎలా ఉంది? నైస్. చీర? నైస్. కొత్త టీచరు? నైస్. పెళ్లి భోజనం? అదీ నైసే! ఇంగ్లిషులో పది మాటలు వచ్చినవాళ్లయినా, పదివేలు వచ్చినవాళ్లయినా రోజుకోసారైనా వాడే విశేషణమిది. పలకడం తేలిక. కానీ వాక్యంలో కుదురుగా కూర్చోబెట్టడం అంత తేలికేం కాదు. ఎందుకంటే... దానికి పుట్టినప్పుడున్న అర్థం ఒకటి, ఇప్పుడున్నది ఇంకొకటి, తెలుగిళ్లలోకి వచ్చాక అబ్బినవి మరో రెండు!

తిట్టే పొగడ్తయింది
లాటిన్‌లో ‘నెస్కియస్’ అంటే ఏమీ తెలియనివాడని అర్థం. అది ఫ్రెంచి మీదుగా సుమారు 700 ఏళ్ల కిందట ఇంగ్లిషులోకి వచ్చింది. అప్పట్లో ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువవాడని తిట్టినట్టే. తర్వాత తర్వాత అతి సుకుమారం, ప్రతిదానికీ వంకలు పెట్టే గుణం, సూక్ష్మం... ఇలా అర్థాలు మారుతూ వచ్చి, 18వ శతాబ్దంలో ‘బాగుంది’ దగ్గర స్థిరపడింది. ‘సూక్ష్మం’ అన్న పాత అర్థం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. ‘ఎ నైస్ డిస్టింక్షన్’ అంటే పరీక్షలో వచ్చిన మంచి మార్కులు కాదు, రెండు విషయాల మధ్య ఉన్న సన్నని తేడా.

ఇదేం విడ్డూరం అనుకోనక్కర్లేదు. మన ‘ముగ్ధ’ సంగతి చూడండి. ‘మూఢ’, ‘ముగ్ధ’ రెండూ ఒకే సంస్కృత ధాతువు బిడ్డలు. అయోమయం, అమాయకత్వం అనే అర్థాలతో మొదలైన ‘ముగ్ధ’ చివరికి అందానికి పేరైంది.

మన నైస్ వేరు
తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ‘పిండి నైస్‌గా రుబ్బు’ అంటే మెత్తగా రుబ్బమని. అదే మాట ఇంగ్లిషులో చెప్పాలంటే నైస్ పనికిరాదు, ‘గ్రైండ్ ఇట్ ఫైన్’ అనాలి. ‘నైస్‌గా మాట్లాడి పని చేయించుకున్నాడు’ అన్నామంటే ఆ మనిషి గడుసువాడని, కాస్త జాగ్రత్తగా ఉండాలని. అదే ఉద్దేశంతో ఆఫీసులో ‘హి స్పోక్ టు మి వెరీ నైస్లీ’ అంటే, విన్నవాళ్లు ఆయనెంత మర్యాదస్తుడో అనుకుంటారు. మనం చేసిన ఫిర్యాదు కాస్తా ప్రశంసాపత్రమైపోతుంది!

వాక్యంలో ఎక్కడ?
‘ద బిర్యానీ స్మెల్స్ నైస్లీ’... చాలామంది చేసే పొరపాటిది. తెలుగులో ‘కమ్మగా వాసన వస్తోంది’ అంటాం కదా, ఆ ‘గా’ను ఇంగ్లిషులోకీ మోసుకుపోతాం. అక్కడ చెబుతున్నది బిర్యానీ గుణం. కాబట్టి ‘స్మెల్స్ నైస్’ అనాలి. లుక్స్, టేస్ట్స్, ఫీల్స్, సౌండ్స్ తర్వాతా అంతే. అదే పని ఎలా చేసిందో చెప్పాలంటే మాత్రం ‘షి సింగ్స్ నైస్లీ’ సరైనది.

‘ఆమె నాతో మంచిగా ఉంటుంది’ అనేదాన్ని మక్కికి మక్కి దించితే ‘నైస్ విత్ మి’ అవుతుంది. వాడుకలో ఉన్నది ‘నైస్ టు మి’. ఎవరైనా సాయం చేస్తే ‘దట్స్ వెరీ నైస్ ఆఫ్ యూ’ అనాలి.

రెండు మూడు విశేషణాలు వరసగా వస్తే నైస్‌దే ముందు పీట. ‘ఎ నైస్ న్యూ బ్లూ శారీ’ అంటారు, ‘ఎ బ్లూ న్యూ నైస్ శారీ’ అనరు. ముందు మన అభిప్రాయం, ఆ తర్వాతే కొత్తా పాతా, చివర్లో రంగు. పోల్చేటప్పుడు ‘మోర్ నైస్’ కాదు... ‘నైసర్’, ‘నైసెస్ట్’.

తొలి పరిచయంలో ‘నైస్ టు మీట్ యూ’. అదే మనిషి మళ్లీ కలిస్తే ‘నైస్ టు సీ యూ’. మొదటిసారి కలిసి సెలవు తీసుకునేటప్పుడు ‘నైస్ మీటింగ్ యూ’. ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే లోపలికి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ తడబాటుండదు.

అన్నిటికీ అదేనా?
తప్పుల్లేకుండా వాడటం ఒక ఎత్తు. ఎప్పుడు వాడకూడదో తెలియడం మరో ఎత్తు. జేన్ ఆస్టెన్ మరణించాక, 1817 చివర్లో వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో ఓ పుస్తకాన్ని నైస్ అని మెచ్చుకున్న కథానాయికను హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు. ఈ రోజు నైస్, నడక నైస్, మీరూ నైస్... ఒకే మాటతో లోకాన్నంతా చుట్టేయొచ్చు కదా అని! ఇప్పటి మన పిల్లల వ్యాసాలు చదివితే ఆయన ఏమనేవాడో!

‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ నైస్’ అని రాసిన పాపకు మార్కులు రావచ్చు. కానీ ఆ వాక్యంలో నానమ్మ ఎక్కడుంది? ఓపికగా కథలు చెబితే ‘పేషెంట్’, అడక్కుండానే అందరికీ పెడితే ‘జెనరస్’, నవ్విస్తే ‘ఫన్నీ’. ‘నానమ్మ ఏం చేస్తుంది?’ అని అమ్మానాన్నలు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, సరైన మాట పిల్లలే వెతుక్కుంటారు. భాషతోపాటు మనిషిని గమనించడమూ అలవాటవుతుంది.

పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. గంటలకొద్దీ పొయ్యి దగ్గర నిలబడి వండిన ఇల్లాలికి ‘నైస్’ అన్న ముక్తసరి మాటకన్నా ‘గుత్తివంకాయలో కారం సరిగ్గా కుదిరింది’ అనే మెప్పే ఇష్టం. అది ఏ భాషలో చెప్పినా సరే!