వార్తల్లో పదం: ఓవర్ క్వాలిఫికేషన్

నియామక వార్తలలో తరచు కానవచ్చు ఓవర్ క్వాలిఫికేషన్, అనగా అధికార్హత, కొలువు కోరు చదువుకంటె అభ్యర్థి చదువు మించియుండుట. 2018లో తెలంగాణమున ఇంటర్మీడియట్ చాలునన్న 700 గ్రామ రెవెన్యూ అధికారి పదవులకు పది లక్షలకు పైగా దరఖాస్తులు రాగా, దరఖాస్తుదారులలో ఇంజనీర్లును, పీహెచ్‌డీ పట్టము గలవారును ఉండిరి. 2020లో ఆ పదవియే రద్దయినది. హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములలో నేటికిని పట్టభద్రులు ఇట్టి కొలువుల పరీక్షలకు శ్రమించుచున్నారు.

ఇట్టి కొలువున చేరినచో వినియోగము లేని విద్య మొద్దుబారును. తొలి వేతనమే తదుపరి వేతనములకు కొలబద్ద యగును. త్వరలో విడిచిపోవునను శంకతో యజమాని నిరాకరించుటయు కద్దు. అర్హతను దాచుటయు క్షేమము కాదు: పట్టభద్రులు అనర్హులన్న బ్యాంకు ప్యూను కొలువునకై పట్టమును దాచిన అభ్యర్థికి 2020 నవంబరులో సుప్రీంకోర్టు ప్రతికూలముగా తీర్పు చెప్పినది. అయినను, భద్రత కోరి, తెలిసియే దిగువ మెట్టున చేరువారిని అవివేకులనరాదు. శాఖాపరీక్షలచే పైకెక్కు మార్గమున్నచోట ఆ చదువు మరల అక్కఱకు వచ్చును.