ప్రత్యేక దళములకు రేపటి హెలికాప్టరు

కొత్తపేట చుట్టుప్రక్కల కొబ్బరితోటలలో చెట్టునకు చెట్టునకు నడుమ ఇంచుమించు 25 అడుగుల ఎడముండును. మన వాయుసేన విరివిగా వాడుచున్న ఎం.ఐ.-17 హెలికాప్టరు రెక్కలు తిరుగునప్పుడు ఏర్పడు చక్రపు అడ్డుకొలత 70 అడుగులు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నేటి ప్రసంగవిషయములోని చిక్కు సగము తెలిసిపోవును. ఆ యంత్రము మన తోటలో దిగజాలదు. చెట్ల తలలకు మీదుగా గాలిలో కదలక నిలిచి, లావుపాటి త్రాడొకటి క్రిందికి వదలవలెను. ఆ త్రాటివెంట మనుష్యులు జారవలెను. అది చీకటిరాత్రియై, క్రింద తుపాకి పట్టిన శత్రువు పొంచియున్నచో? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పుకొని, పిమ్మట యంత్రమును గీయుటయే ప్రత్యేక దళముల హెలికాప్టరునకు ప్రణాళిక వేయుట.

ప్రత్యేక దళములనగా సంఖ్యలో స్వల్పము, శిక్షణలో కఠినము అయిన దళములు. మన తెలుగునాట ఇవి క్రొత్తవి కావు. నక్సలైటులను ఎదుర్కొనుటకు రాష్ట్ర పోలీసు శాఖ 1989లో గ్రేహౌండ్స్ దళమును నెలకొల్పినది. 1987లో ఏర్పడిన నౌకాదళపు మార్కోస్ కమాండోలకు భీమునిపట్నము వద్ద ‘కర్ణ’ అను స్థావరము 2016లో ప్రారంభమైనది. 2008 నవంబరులో బొంబాయి మీద జరిగిన దాడి తరువాత, జాతీయ భద్రతాదళమునకు హైదరాబాదులో కూడ ఒక కేంద్రమునిచ్చిరి. ఆ దాడిలో నారిమన్ హౌస్ మేడమీదికి కమాండోలు హెలికాప్టరు నుండి త్రాటివెంట దిగిన దృశ్యమును దేశమంతయు టెలివిజనులో చూచినది. శత్రువు కూడ చూచియుండవచ్చును. అది వేరు సంగతి.

ఇట్టి దళములకు పోరుకంటె ప్రయాణమే ప్రమాదకరము. 2008 జూన్ 29న ఒడిషాలోని బలిమెల జలాశయములో ఒక లాంచి వచ్చుచుండెను. అందు ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ వారు. ఒడ్డున నున్న కొండమీది నుండి మావోయిస్టులు కాల్పులు జరుపగా లాంచి మునిగినది. 38 మంది ప్రాణములు కోల్పోయిరి. అడవిలో ఎదురుబడినచో ఎవరికిని తీసిపోని ఆ యువకులకు నీటి నడుమ దాగుటకు ఒక చెట్టైనను లేకపోయినది. లాంచి ఎంత నెమ్మదిగా సాగునో, నడిమిఏటిలో మనిషి ఎంత నిస్సహాయుడో గోదావరి పాయల నడుమ కాపురముండు కోనసీమవారికి మేము చెప్పనక్కరలేదు. ఆనాడు హెలికాప్టరు ఉన్నచో అందరును బ్రతికియుందురని అనుట సాహసమే యగును. కొండమీది తుపాకికి హెలికాప్టరు కూడ అందును. అయినను దళమును ఎట్లు చేర్చవలెను, ఎట్లు వెనుకకు తేవలెను అను రెండు ప్రశ్నలును శిక్షణతోపాటే తేలవలసినవని బలిమెల చెప్పినది.

ఈ పాఠమునే అమెరికావారు 1980 ఏప్రిలులో ఇరాను ఎడారిలో నేర్చుకొనిరి. టెహరానులో బందీలుగానున్న తమవారిని విడిపించుటకు విమానవాహక నౌక నుండి ఎనిమిది హెలికాప్టరులను పంపిరి. పని సాగుటకు ఆరు చాలునని లెక్క. ధూళిమేఘములును యంత్రదోషములును కలిసి, ఎడారిలో పనికివచ్చు స్థితిలో మిగిలినవి అయిదే. ప్రయత్నము విరమించి మరలుచుండగా, రేగిన దుమ్ములో ఒక హెలికాప్టరు రవాణా విమానమునకు తగిలి మంటలు లేచెను. ఎనిమిదిమంది మరణించిరి. అవి సముద్రములో మందుపాతరలు ఏరుటకై నిర్మించిన హెలికాప్టరులు. నడిపినవారు, ఎక్కినవారు, ఆజ్ఞలిచ్చినవారు వేర్వేరు సేనలవారు. కమాండోలను రాత్రివేళ చేర్చుటయే వృత్తిగాగల ప్రత్యేక వైమానికదళమును ఆ దేశము అటుపిమ్మటనే ఏర్పరచుకొన్నది.

ఇక యంత్రము సంగతి. హెలికాప్టరు ఏల విమానమంత వేగముగా పోజాలదు? కదలుచున్న పంటుమీద ముందువైపునకు నడచువాని వేగము పంటు వేగముతో కలియును. వెనుకకు నడచువానిది తరుగును. తిరుగుచున్న రెక్కకు కూడ అంతే. ముందునకు వచ్చు రెక్కకు గాలి జోరుగా తగులును, వెనుకకు పోవు రెక్కకు మందముగా తగులును. వేగము హెచ్చినకొలది వెనుకకు పోవు రెక్క ఎత్తుశక్తిని కోల్పోవును. అందుచేత సాధారణ హెలికాప్టరులు గంటకు సుమారు 300 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవుచున్నవి. ఒక రాత్రి చీకటిలోనే పోయి తిరిగి రావలసిన దళమునకు ఇది గొప్ప ఆటంకము.

దీనిని దాటుటకు కనుగొన్న ఉపాయములలో ముఖ్యమైనది, లేచునప్పుడు పైకి చూచు రెక్కల చక్రములను ఎగురునప్పుడు ముందునకు వంచుట. 2022 డిసెంబరులో అమెరికా సైన్యము ఎంచుకొన్న వి-280 ఇట్టిది. గంటకు 500 కిలోమీటర్లు దాటును. తమ ప్రత్యేక దళములకు కావలసిన మార్పులకు మూలరూపములోనే చోటు విడుచుటకు వారు పూనుకొనిరి. యంత్రమంతయు తయారైన తరువాత విప్పి, కోసి, అతికించుటకంటె ఇది చవుక.

కాని వేగము ఊరక రాదు. బరువునకు తగినంత వెడల్పులేని చక్రము అదే బరువును మోయవలెనన్న గాలిని మరింత బలముగా క్రిందికి త్రోయవలెను. లంకలలోని ఇసుకమీద ఆ గాలి పడినచో ఏమగునో ఊహించుకొనుడు. ఇసుక లేచి పైలటునకు నేల కానరాదు. పాకల కప్పులు లేచిపోవును. చక్రములను వంచు అమరికలో గేరుబాక్సులు అనేకము. 2023 నవంబరు 29న జపాను తీరమున అదే జాతికి చెందిన సి.వి.-22 కూలి ఎనిమిదిమంది చనిపోయినప్పుడు గేరుబాక్సు వైఫల్యమే బయటపడినది.

శబ్దమే మాకు వృత్తి కనుక మరియొక సంగతి చెప్పుటకు అనుమతింపుడు. స్టూడియోలో పంకా చప్పుడును మైకు ఎట్లు పట్టుకొనునో మాకు తెలియును. హెలికాప్టరు కంటబడుటకు ముందే చెవినిబడును. రెక్కల సంఖ్య పెంచి, వాని కొసలు మెల్లగా తిరుగునట్లు చేసినచో ఆ చప్పుడు కొంత తగ్గును. 2011 మే నెలలో అబొట్టాబాదునకు పోయిన అమెరికా హెలికాప్టరులకు తోకవద్ద ఇట్టి మార్పులు చేసినట్లు అచట మిగిలిన తునకలు చూచినవారు గుర్తించిరి. అంత జాగ్రత్త పడినను ఒక హెలికాప్టరు ఆ ఇంటి ఆవరణలోనే కూలబడినది. కారణము గోడ! అభ్యాసము చేసినచోట తీగెల కంచె నుండెను. అసలు ఇంటికి ఎత్తయిన ప్రహరి కలదు. కంచెలోనుండి తప్పుకొని పోయిన గాలి ప్రహరికి తగిలి పైకి మరలెను. తాను త్రోసిన గాలిలోనే యంత్రము క్రుంగినది.

మన దేశమున హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 13 టన్నుల తరగతికి చెందిన బహుళప్రయోజన హెలికాప్టరును రూపొందించుచున్నది. ఎం.ఐ.-17ల స్థానమును అది తీసికొనవలెనని సంకల్పము. నౌకలమీద ముడుచుకొను రెక్కలతో నౌకాదళమునకు వేరొక రూపమును కూడ యోచించిరి. ‘ఆరావళి’ అని పేరిడిన ఇంజను ఫ్రాన్సు దేశపు సఫ్రాన్ సంస్థతో కలిసి చేయునది. కమాండోలకని వేరుగా ఒక హెలికాప్టరును నిర్మించుకొనునంతటి భాగ్యము మనకు లేదు. ఉండవలసిన అవసరమును మాకు తోచదు. అందరికిని పనికివచ్చు యంత్రములోనే త్రాడు వ్రేలాడగట్టు కొక్కెము, రాత్రిచూపు అద్దములకు సరిపడు దీపములు, అదనపు ఇంధనమునకు చోటు, ఉప్పుగాలికి తుప్పుపట్టని పూత ఇప్పుడే, కాగితము మీదనే, చేర్చవలెను.

తొందర కూడ తగదు. 2025 జనవరి 5న పోర్‌బందరులో తీరరక్షకదళపు ధ్రువ్ హెలికాప్టరు కూలి ముగ్గురు మరణించిరి. పైలటు చేతి ఆజ్ఞను తిరుగుచున్న రెక్కలకు అందించు స్వాష్ ప్లేటు అను భాగము విరిగినట్లు తేలెను. ఆ ఒక్క పలకకై దేశములోని ఆ జాతి హెలికాప్టరులన్నియు నెలల తరబడి నేలపై నిలిచిపోయినవి.

విశాఖపట్టణములోని ‘డేగ’ స్థావరమున 17 సంవత్సరములు పనిచేసిన యు.హెచ్.-3హెచ్ హెలికాప్టరులను నౌకాదళము 2024 జూన్ 28న విరమింపజేసినది. అవి ‘జలాశ్వ’ నౌకతోపాటు అమెరికా నుండి కొన్న పాతవి. కమాండోలను దింపుట, సముద్రములో చిక్కినవారిని పైకెత్తుట, రెండు పనులును ఆ యంత్రములే చేసినవి. ఆ సెప్టెంబరులోనే బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టరులు మేడలపై నిలిచి ఆహారపు పొట్లములు జారవిడిచినవి. శత్రువుల మేడపై నిలుచుటకును, వరదలో చిక్కిన మేడపై నిలుచుటకును పైలటునకు కావలసిన నేర్పు ఒకటే, ఇంజనునకు కావలసిన బలము ఒకటే.

ఆ బలము కూడ చోటునుబట్టి మారును. వేడిగాలి పలుచన, తేమ దానిని మరికొంత పలుచన చేయును. శీతకాలపు ఉదయమున ఇరువదిమందిని ఎత్తగల యంత్రము మే నెల మిట్టమధ్యాహ్నము కోనసీమ కొబ్బరితోటపై కదలక నిలిచి ఎందరిని ఎత్తును? కొందరిని దింపి పోవలసివచ్చును. ఎందరిని అనునది రూపకల్పన చేయువారు మొదటి పుటలోనే వ్రాసికొనవలసిన అంకె.