మీకు తెలుసా? కొండెక్కితే బ్రెడ్డు పిండి తొందరగా పొంగుతుంది

తమిళనాడులోని ధర్మపురి పట్టణం సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బ్రెడ్ మెషీన్‌కు పెద్ద ఇబ్బందేమీ రాదు. దాన్నే దగ్గర్లోని వత్తల్‌మలై మీదికి తీసుకెళ్తే తేడా తెలుస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరకంటే దాదాపు 11 శాతం తక్కువ. పైనుంచి నొక్కే బలం తగ్గేసరికి ఈస్ట్ వదిలే వాయువు పిండిని త్వరగా ఉబ్బిస్తుంది. చేత్తో చేసేవాళ్లయితే పిండి పొంగిందని చూడగానే కాల్చేస్తారు. మెషీన్ మాత్రం తనకు పెట్టిన టైము ప్రకారమే నడుస్తుంది. ఈలోగా పిండి మితిమీరి పొంగి, కాలేటప్పుడు నడిమధ్య కుంగిపోతుంది.

అందుకే అక్కడ ఈస్ట్ పావు వంతు తగ్గించాలి. పిండి పొడిగా కనిపిస్తే ఒకటి రెండు చెంచాల నీళ్లు కలపాలి. ఉప్పు మాత్రం మానకండి, ఈస్ట్‌ను అదుపులో ఉంచేది అదే.

ధర్మపురి రాగులు పండే సీమ కాబట్టి రాగి బ్రెడ్డు చేయాలనిపించవచ్చు. కానీ రాగిపిండిలో వాయువును పట్టి ఉంచే గ్లూటెన్ ఉండదు. మొత్తం పిండిలో పావు వంతుకు మించకుండా రాగిపిండి వేసి, మిగతాది గోధుమపిండి వాడితే బ్రెడ్డు గుల్లగానూ వస్తుంది, రాగి రుచీ దక్కుతుంది.